అమ్మ విస్తరిలో ఏం వడ్డించాలి?

మే నెల మొదటి వారం దాటగానే ఫోన్లలో సందడి మొదలవుతుంది. ఈ ఆదివారం అమ్మకు వంటింటి నుంచి సెలవు ఇవ్వండంటూ భోజనం ఇంటికి తెచ్చే యాప్‌లు కబురు పెడతాయి. ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ మీద తగ్గింపు, రెండు థాలీలు తెప్పిస్తే స్వీటు ఉచితం, బిల్లు ఇంత దాటితే డెలివరీ చార్జీ లేదు. మే రెండో ఆదివారం వచ్చే మాతృదినోత్సవం మన పంచాంగంలో లేని పండుగ. అయినా మన ఇళ్లలోకి వచ్చేసింది, దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. నడివేసవిలో పొయ్యి ముందు నిలబడే మనిషికి ఒక పూట ఊపిరి సలిపితే అంతకన్నా కావలసిందేముంది? ఆ పూట ఆమె ముందుకు ఏం వస్తోంది, ఎలా వస్తోంది అన్నదే ఆలోచించాలి.

2025లో ఆ ఆదివారం మే 11న వచ్చింది. అదే రోజు నృసింహ జయంతి. సింహాచలం, యాదగిరిగుట్ట, అహోబిలం, మంగళగిరి, ధర్మపురి స్వాములను ఇలవేల్పులుగా కొలిచే ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు ఆ రోజు ఉపవాసం ఉంటారు. స్వామి స్తంభం నుంచి వెలువడింది సంధ్యవేళ కాబట్టి, సాయంత్రం పూజ అయ్యాకే ఏదైనా నోట్లో వేసుకుంటారు. అలాంటి ఇంటికి మధ్యాహ్నం ఒంటిగంటకు కోడి బిర్యానీ వచ్చి చేరితే ఆ తల్లి ఏం చేయాలి? పంపిన బిడ్డ మనసు నొప్పించలేదు, నియమం తప్పలేదు. తిథి చూసి ఆఫర్లు పెట్టమని యాప్‌ను అడగలేం. కానీ అమ్మ ఏ రోజు ఏం తింటుందో బిడ్డకు తెలిసి ఉండాలి కదా.

మాతృదినోత్సవం పుట్టిన చోటా ఇలాంటి బాధే ఉంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ఆన్ రీవ్స్ జార్విస్ అనే తల్లి ఉండేది. పసిపిల్లలు రోగాలతో రాలిపోతున్న కాలంలో చుట్టుపక్కల తల్లులను కూడగట్టి, పరిశుభ్రత నేర్పే సంఘాలు పెట్టింది. ఆమె కన్న బిడ్డల్లోనూ ఎక్కువమంది పెరిగి పెద్దవాళ్లు కాలేదు. అంతర్యుద్ధంలో ఆ సంఘాల స్త్రీలు ఇరుపక్షాల సైనికులకూ సేవ చేశారు. 1905లో ఆమె కన్నుమూశాక కూతురు అన్నా జార్విస్, తల్లుల పేరిట ఒక రోజు ఉండాలని పట్టుబట్టింది. 1908 మే 10న గ్రాఫ్టన్‌లోని చర్చిలో తొలి ప్రార్థన జరిగింది. దానికి 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది, అవి తల్లికి ఇష్టమైన పూలని. 1914లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆ రోజును దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు.

ఆ తర్వాత పూలవాళ్లు, మిఠాయివాళ్లు, కార్డులవాళ్లు వచ్చి పడ్డారు. తల్లికి నాలుగు ముక్కలు సొంత చేతితో రాయలేనివాళ్లే అచ్చు కార్డు కొంటారని అన్నా మండిపడేది. ఫిలడెల్ఫియాలో వానమేకర్ దుకాణంలోని టీ రూములో ఒకసారి ‘మదర్స్ డే సలాడ్’ అమ్మకానికి పెట్టారట. ఆమె దాన్ని తెప్పించుకుని, నేల మీద కుమ్మరించి, డబ్బులు కట్టి వెళ్లిపోయిందని ఆమె చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1908లో తొలి వేడుకలకు ఆదరువుగా నిలిచిన వ్యాపారి దుకాణమే అది. తాను తెచ్చిన పండుగను ఆపించాలని పోరాడి, చివరికి 1948లో ఒక శానిటోరియంలో ఆమె కన్నుమూసింది. అన్నాన్ని నేలపాలు చేయడం మన మనసుకు ఎక్కదు. కానీ ఆమె కడుపుమంట అర్థమవుతుంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి బయలుదేరే శిష్యుడికి గురువు చేసే బోధ ఉంది. తల్లిని దైవంగా చూడమన్నది అక్కడే. ఆ మాట బడిపిల్లలకూ వచ్చు. దాని వెంటే, అదే అనువాకంలో, ఇవ్వడం గురించి గురువు చెప్పిన మాటలు మాత్రం అంతగా ఎవరికీ గుర్తుండవు. ఏదిచ్చినా శ్రద్ధతో ఇవ్వమన్నాడు, శ్రద్ధ లేకుండా ఇవ్వవద్దన్నాడు. ఉన్నంతలో ధారాళంగా ఇవ్వమన్నాడు, ఇచ్చేటప్పుడు అణకువ ఉండాలన్నాడు. తల్లిని కొలవమన్న నోటితోనే ఇవ్వడమెలాగో కూడా చెప్పాడంటే, ఆ రెండింటినీ కలిపి చదువుకోవాలనే అనిపిస్తుంది.

కూపన్ నడిచే దారి వేరు. కనీసం ఇంత బిల్లు కావాలంటుంది. సగం ధర తగ్గింపు అని పెద్ద అక్షరాల్లో చూపి, ఆ తగ్గింపు ఎంత దాటకూడదో చిన్న అక్షరాల్లో చెబుతుంది. ఒక్కరు తినే ఇంటికి నలుగురికి సరిపడా ఆర్డరు పెట్టిస్తుంది. వందల ఆర్డర్లు ఒకేసారి వచ్చిపడే రోజు కాబట్టి, ముందే పెద్దమొత్తంలో చేసి ఉంచగలిగే వంటకాలే కాంబోల్లో ఉంటాయి. తోటకూర పులుసుకు అందులో చోటు లేదు.

పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉండగా విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉంటున్న తల్లులు ఎందరో. వాళ్ల ఇంటికి పార్సిల్ వస్తుంది. మూతలకు టేపు చుట్టిన ప్లాస్టిక్ డబ్బాలు, సాలన్, రైతా, పాకంలో తేలే రెండు గులాబ్ జామూన్లు. షుగరు ఉన్న ఆ తల్లి జామూన్లను వాచ్‌మన్ పిల్లలకు ఇచ్చేస్తుంది. బిర్యానీ రెండు ముద్దలు తిని, కారానికి ఆగలేక, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుంటుంది. ఫోన్ వస్తే మాత్రం ‘చాలా బాగుంది నాన్నా, కడుపు నిండింది’ అంటుంది.

ఆ పార్సిల్ తెచ్చిన కుర్రాడూ ఒక తల్లి బిడ్డే. మిట్టమధ్యాహ్నం బండి మీద వచ్చి, లిఫ్టు పనిచేయకపోతే మెట్లెక్కి, తలుపు దగ్గర చెమట తుడుచుకుంటాడు. అదే ఉపనిషత్తులో భృగువల్లి అన్నాన్ని నిందించవద్దంటుంది, ఇంటికి వచ్చినవారిని కాదనవద్దంటుంది. చాలా ఇళ్లలో అమ్మలు ఆ మాట చదవకుండానే పాటిస్తారు. ‘కాసిని మంచినీళ్లు తాగి వెళ్లు బాబూ’ అని చల్లటి సీసా చేతికిస్తారు.

బాపట్ల దగ్గర జిల్లెళ్ళమూడిలో అనసూయాదేవిని అందరూ అమ్మ అనే పిలిచారు. 1958 ఆగస్టు 15న ఆమె అక్కడ అన్నపూర్ణాలయం ప్రారంభించారు. కులం, మతం, ఊరు అడగకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టడమే దాని పని. దర్శనానికి వచ్చినవాళ్లను ముందు భోజనం చేసి రమ్మనడం ఆమె అలవాటు. అమ్మ అంటే పెట్టే చెయ్యి అని మనకు అంతగా అలవాటైపోయింది. ఆ చేతికి తిరిగి పెట్టడం మాత్రం ఎవరూ మనకు నేర్పలేదు. శంకరాచార్యుల పేరిట ప్రచారంలో ఉన్న మాతృపంచకంలోని దుఃఖం అదే. ముత్యమని, కన్నని, నూరేళ్లు బతకమని తనను పిలుచుకున్న తల్లి నోట్లో చివరికి ఎండు బియ్యపు గింజలు మాత్రమే వేయగలుగుతున్నానని కొడుకు కుమిలిపోతాడు.

మాతృదినోత్సవాన్ని శ్రద్ధగా జరిపే ఇళ్లూ ఉన్నాయి. శనివారమే అమ్మను అడుగుతారు. ‘ఏదో ఒకటిలే’ అంటే వదలరు. పెసరట్టు తినాలని ఉందంటే, కూపన్ లేకపోయినా, వీధి చివరి టిఫిన్ సెంటర్ నుంచే తెప్పిస్తారు. ఆదివారం రద్దీకి ఆర్డరు ఆలస్యమవుతుందని, ఆమె మాత్ర వేసుకునే వేళకు గంట ముందే చెబుతారు. డబ్బాలోంచి తీసి కంచంలో పెట్టి, ముందు ఆమెను కూర్చోబెట్టి, వేడి మీద వడ్డించి, ఆమె తిన్నాకే మిగతావాళ్లు తింటారు. దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో తమ కంచం కూడా ముందు పెట్టుకుని ఆమెతో పాటు భోంచేస్తారు. ఆ పూట ఎంగిలి కంచాలు, గిన్నెలు కూడా ఆమెను ముట్టుకోనివ్వరు.