తుడవడం రెండు విధాలు

నూనె మరక సంగతి మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? మూకుడు దగ్గర చిందిన చుక్క పొయ్యిగట్టు మీదుగా ఎక్కడికో జారుతుంది. అది పుట్టిందొక చోటా, మనం రుద్దేదొక చోటా! మోటారు సైకిలు ఇంజనూ అంతేనట. ఆయిలు పైనెక్కడో కారుతుంది. పరుగులో గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. చివరికి అడుగున బొట్టు వేలాడుతుంది. బొట్టున్న చోటే లోపమనుకుని అక్కడి బోల్టు బిగించేవాడికి మరలు అరగ్గొట్టుకోవడమే మిగులుతుంది.

మా తమ్ముడు, తను సెకండ్ హ్యాండులో కొన్న బండిని తిరిగి అమ్ముదామనుకున్నప్పుడు నాకీ జ్ఞానం అబ్బింది. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి నేలమీద రూపాయి బిళ్ళంత మరక! "కడిగి ఇచ్చేద్దాం సార్, వారం దాకా ఏమీ కనబడదు" అన్నాడట షెడ్డులో ఒకాయన. "అడిగితే చెబుతాను. అడక్కపోతే నాకెందుకక్కా? అబద్ధమాడ్డం లేదుగా!" అని మావాడి వాదం.

చెప్పకపోవడం అబద్ధమవుతుందా? ప్రశ్న పాతదే. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనులో దీనికో ఉదాహరణే ఉంది. ఒకడు తన గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. దానికి లోపముందని తెలిసీ చెప్పడు. అది మోసం కాదంటుంది చట్టం. కాని కొనేది అప్పుడే మైనారిటీ తీరిన సొంత కూతురైతే? అప్పుడు చెప్పితీరాలట, చూశారా! ఇక తెలిసిన లోపాన్ని, మోసగించాలనే పనిగట్టుకుని కప్పిపెడితే మాత్రం కొనేది ఎవరైనా అది మోసమే.

అంటే పరాయివాడి ముందు నోరు మూసుకోవచ్చు గాని, గుడ్డ పట్టకూడదన్నమాట. చట్టానికి ఆ గీత చాలు. మనకి చాలుతుందా? కారిన ఆయిలు వెనక టైరుకి అంటితే మలుపులో బండి జారుతుంది. లోపల ఆయిలు తరిగిపోతే ఇంజను బిగుసుకుపోతుంది. ఆ బండెక్కబోయేవాడూ ఎవరో ఒకరి బిడ్డే కదా! కూతురికి చెప్పవలసిన మాట ఆ కుర్రాడికెందుకు అక్కర్లేదో నాకు బోధపడలేదు.

విచిత్రమేమిటంటే, బాగుచెయ్యడం కూడా తుడవడంతోనే మొదలవుతుంది. ఇంజను చల్లారాక కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, మనం మొహానికి రాసుకునే పౌడరే దానిమీద చల్లి, కాసేపు నడపాలి. పౌడరు మొదట తడిసిన చోటే అసలు లోపం. మావాడి బండికి అది గేరు పెడలు ఇరుసు దగ్గర గట్టిపడిపోయిన రబ్బరు సీలు. దాని ఖరీదు ఒక సినిమా టిక్కెట్టంత!

సీలు మార్చి, మార్చిన సంగతి కొనవచ్చినతనికి చెప్పాడు. నిజానికి బహుమానాలుంటాయనుకోకండి. ఆ మాట పట్టుకునే అతను వెయ్యి రూపాయలు తగ్గించి అడిగాడు. మావాడు మొహం ముడుచుకున్నా బేరం ఒప్పుకున్నాడు.

పెళ్ళిచూపులనాడు ఇల్లు కడిగి ముగ్గేస్తే ఎవరూ తప్పు పట్టరు. పిల్లవాడి తాగుడు దాచిపెడితే వచ్చిన పిల్ల జన్మంతా ఏడుస్తుంది. గుడ్డ ఒకటే, తుడిచే చెయ్యీ ఒకటే. తుడిచాక పౌడరు చల్లి చూస్తున్నామా, తలుపు తీసి బేరగాణ్ణి పిలుస్తున్నామా? అది తుడిచే చేతికి తెలియకుండా ఉంటుందా?