కార్బురేటరు కడిగితే చాలదు



ద్వారకా తిరుమల నుంచి భీమడోలు వెళ్లే దారిలో ఒక చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. మా విచారణకు చెందిన ఒక రిటైర్డ్ మాస్టారు తమ తండ్రిగారి నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారును ఈ మధ్య అక్కడ బాగుకు ఇచ్చారు. మనవరాలిని ఆ కారులోనే పెళ్లికి గుడికి తీసుకురావాలని ఆయన కోరిక. కొడుకులకు అది ఇష్టం లేదు. "పాత ఇనుముకి అమ్మేద్దాం నాన్నా, దానికి పెట్టే డబ్బు దండగ" అన్నారు. మాస్టారు నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లారు. అక్కడ చూసినదీ, తర్వాత నాలో నేను ఆలోచించుకున్నదీ మీతో పంచుకోవాలని ఈ వారం కలం పట్టాను.

ఈ కారు గురించి నేటి పిల్లలకు తెలియకపోవచ్చు. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి దీనిని తయారుచేసింది. పుట్టిల్లు మాత్రం ఇంగ్లండు. అక్కడి ట్రయంఫ్ కంపెనీ ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చింది. రెండింటికీ రూపమిచ్చినవాడు ఇటలీ దేశస్థుడు మికెలొట్టి. అంటే మన మాస్టారి కారు ఆ పందెపు గుర్రానికి తోబుట్టువన్నమాట! కానీ ఆ గుర్రం ఇప్పుడు మైలు దూరం కూడా పోవడం లేదు. కార్బురేటరు విప్పి శుభ్రం చేస్తే రెండు రోజులు నడుస్తుంది, మూడోరోజు దారిలో ఆగిపోతుంది. అలా మూడుసార్లయింది.

మాస్టారు తొందరపడ్డారు. "ముందు రంగు వేసెయ్యవయ్యా, పెళ్లి దగ్గర పడింది" అన్నారు. మెకానిక్ ఒప్పుకోలేదు. "రంగు వేయడం ఎంతసేపండి మాస్టారూ! ట్యాంకులో తుప్పు పెట్టుకుని కార్బురేటరు ఎన్నిసార్లు కడిగినా ఏం లాభమండి? మళ్లీ అదే చెత్త వచ్చి పడుతుందండి" అన్నాడు.

అతడు ట్యాంకు దించి పాత పెట్రోలు పారబోశాడు. అందులో చిన్న గొలుసూ కిరోసినూ వేసి చాలాసేపు కుదిపాడు. బయటికి వచ్చినది ఎర్రమట్టి నీళ్లలా ఉంది. పంపులోని రబ్బరు పొర ఉబ్బిపోయింది. గొట్టాలు వేలితో నొక్కితే పెళుసుగా విరిగాయి. కారణం అడిగితే వివరంగా చెప్పాడు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. మన పొలాల్లో పండే చెరకు, మొక్కజొన్న, బియ్యపు నూకల నుంచి తీసేదే అది. 2025 నాటికి ఆ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు ట్యాంకు అడుగున చేరితే ఇనుము తుప్పు పడుతుంది. పాత రకం రబ్బరు దానికి తట్టుకోలేదు. పైగా ఏళ్ల తరబడి గోడలకు అంటుకున్న జిగురును అది కరిగించి ముందుకు తోస్తుంది. అంటే కొత్త ఇంధనం చెత్తను పుట్టించలేదు, ఉన్న చెత్తను బయటపెట్టింది.

ఈ మాట వినగానే ప్రభువు చెప్పిన కొత్త ద్రాక్షారసం, పాత తిత్తుల ఉపమానం గుర్తుకు వచ్చింది. మనం సాధారణంగా తప్పంతా కొత్త రసానిదనో పాత తిత్తిదనో వాదించుకుంటాం. పెద్దవాళ్లు కాలాన్ని తిడతారు, పిల్లలు పెద్దవాళ్లను తిడతారు. మెకానిక్ ఆ రెండూ చేయలేదు. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అని చూశాడు. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునేవి వేశాడు. 2000లో మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇంజన్లలో వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. అందుచేత గట్టి లోహపు సీట్లు వేయించాడు. ఇంజను దిమ్మను, ఛాసిస్‌ను మాత్రం కదపలేదు.

ఇన్ని మార్చాక ఇది మా నాన్నగారి కారేనా అని మాస్టారికి బెంగ పట్టుకుంది. ఇది పాత ప్రశ్నే. థీసియస్ అనే వీరుడి ఓడలో పుచ్చిన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే అది అదే ఓడా, వేరే ఓడా అని ఏథెన్సు తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. సెమినరీలో మేమూ దీనిపై గంటలకొద్దీ తగవులాడుకున్నాం. జవాబు మన కొల్లేటిలోనే ఉందని ఇప్పుడనిపిస్తోంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు వాటిని సముద్రానికి మోసుకుపోతుంది. నిరుటి నీటి చుక్క ఈ ఏడు ఉండదు. అయినా అది కొల్లేరే. అదే కొల్లేటిలో చేపల చెరువుల గట్లు లేచినప్పుడు నీళ్లున్నాయి గానీ సరస్సు కనుమరుగవుతూ వచ్చింది. 2006లో ఎన్నో గట్లను కొట్టించవలసి వచ్చింది. వస్తువును నిలిపేది అందులోని పదార్థం ఒక్కటే కాదు, దాని రూపమూ అది పుట్టిన పనీ అని అరిస్టాటిల్, ఆయన బాటలో పునీత థామస్ అక్వినాస్ బోధించారు. మనిషిలో ఆ రూపం ఆత్మ. జ్ఞానస్నానం నాటి బిడ్డా, నేటి ముదుసలీ ఒకే వ్యక్తి కావడం అందువల్లనే.

ఇక నా సంగతి చెబుతాను. నాకు కోపం ఎక్కువ. ప్రతి నెలా పాపసంకీర్తనలో ఆ కోపాన్నే చెప్పుకుంటాను, పశ్చాత్తాపపడతాను, నాలుగు రోజులు శాంతంగా ఉంటాను, ఐదోరోజు మళ్లీ ఎవరి మీదో అరుస్తాను. దేవుని క్షమాపణలో లోపమేమీ లేదు. నేను కార్బురేటరు మాత్రమే చూపిస్తున్నాను. షెడ్డు నుంచి వచ్చిన రాత్రి కూర్చుని ట్యాంకు మూత తీసి చూసుకున్నాను. అడుగున ఉన్నది కోపం కాదు. "నన్ను ఎవరూ లెక్కచేయడం లేదేమో" అన్న భయం, దాని కింద గర్వం. కిందటి క్రిస్మస్ ముందు అందరి ఎదుటా మా ఉపదేశిగారిని కసిరాను. ఆయన తప్పు లేదు, నా మాటకు ఎదురు చెప్పారు, అంతే. మర్నాడు ఉదయం పూజ అయ్యాక వారింటికి వెళ్లి క్షమించమన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. "మీరు ఎప్పుడు వస్తారా అనుకున్నానండి ఫాదర్" అన్నారు. అన్ని నెలలుగా ఆయన ఎదురుచూస్తూనే ఉన్నారన్నమాట!

పేదలున్న ఊళ్లో పాత కారుకు ఇంత ఖర్చు తగునా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. గొప్పకోసమైతే తగదు. కానీ పాతబడిందన్న ఒక్క కారణంతో పారేసే అలవాటు వస్తువులతో ఆగదు, మనుషుల దాకా వస్తుందని పోప్ ఫ్రాన్సిస్ 2015 నాటి 'లౌదాతో సీ' లేఖలో హెచ్చరించారు. మాస్టారి కొడుకులు కారు గురించి అన్న మాటకు ఆయన ఎందుకంత నొచ్చుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది. తర్వాత ఒక ఆదివారం చిన్నకొడుకు తానే షెడ్డుకు వచ్చి తండ్రి పక్కన నిలబడి గొట్టాలు అందించాడు. ఆ కారు మళ్లీ స్టార్టయిన చప్పుడు కంటే ఆ దృశ్యమే నాకు ఎక్కువ ఆనందమిచ్చింది.

కాబట్టి ప్రియులారా, ఈసారి ఆత్మశోధన చేసుకునేటప్పుడు ఏం చేశాను అన్న దగ్గర ఆగిపోకండి. అది ఎక్కడి నుంచి వస్తోంది అని ఒక్క ప్రశ్న ఎక్కువ వేసుకోండి. అడుగున తుప్పు కనిపిస్తే భయపడకండి. దానిని కడగగలవాడు మన ప్రభువు. తలుపు తట్టవలసిన ఇల్లు ఏదైనా ఉంటే మాత్రం ఈ ఆదివారం పూజకు ముందే తట్టండి. దేవుడు మిమ్ములను, మీ కుటుంబాలను దీవించునుగాక.