ఒప్పుకున్నవారికే శిక్షా?

మూడేళ్ల క్రితం మా అమ్మ హోసూరులో ఒక ఆసుపత్రిలో ఉంది. రాత్రి నర్సు వచ్చి "లక్ష్మమ్మ మీరేనా?" అని తమిళంలో అడిగింది. అమ్మ పేరు రంగమ్మ. తమిళం అంతంతమాత్రం. అర్థం కాకపోయినా తలూపడం మనబోటివాళ్లకు అలవాటే కదా! ఊపింది. పక్క మంచం ఆవిడ షుగరు మాత్ర అమ్మ మింగింది. అమ్మకు షుగరు లేదు.

పది నిమిషాలకు ఆ అమ్మాయే పరుగెత్తుకొచ్చి "తప్పయిపోయింది సార్" అంది. డాక్టరును పిలిచింది. తెల్లవార్లూ గంటగంటకూ రక్తంలో చక్కెర చూస్తూ గ్లూకోజు ఎక్కించారు. అమ్మ క్షేమంగా లేచింది. నేను మాత్రం నర్సు మీద ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకున్నాను.

ఇవ్వబోతూ ఆగాను. నేను బ్యాంకు ఉద్యోగిని. మా దగ్గర ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడాలి. స్ట్రాంగ్ రూము తెరవాలంటే ఇద్దరి తాళంచెవులు కావాలి. మనిషన్నాక పొరపాటు పడతాడని ఒప్పుకుని పెట్టిన నియమాలివి. ఆ రాత్రి వార్డంతటికీ ఆ పిల్ల ఒక్కతే. "ఫలానా మీరేనా?" అనకుండా "మీ పేరేమిటి?" అని అడిగి, చేతిపట్టీతో సరిచూడడం మంచి పద్ధతి. అడిగే తీరిక, అడిగే భాష ఆమెకు ఎవరిచ్చారు?

అమెరికాలోని నాష్‌విల్‌లో 2017లో ఒక నర్సు, రోగి ఆందోళన తగ్గించే మందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఎక్కించింది. 75 ఏళ్ల రోగి చనిపోయింది. నర్సు తన తప్పు తానే చెప్పింది. 2022లో కోర్టు ఆమెను దోషిగా తేల్చి, మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. మందుసీసా మూత మీది హెచ్చరికను ఆమె గమనించలేదన్నదీ నిజమే. అయితే ఆ తీర్పు విన్న నర్సులు రేపు తప్పు జరిగితే నోరు విప్పుతారా?

మా అమ్మ లేవకపోయి ఉంటే ఇలా రాసేవాణ్ణా? బహుశా రాయను. కానీ ఆ అమ్మాయి చేసిన తప్పు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మారేది నా కోపం. నా కోపం కొలబద్ద కాకూడదు.

లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో తప్పంకెను గీత కొట్టి, సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టేవాళ్లం. దాన్ని ఎవరూ నేరమనలేదు. గీకి చెరిపినవాణ్ణే సంజాయిషీ అడిగేవారు.

ఫిర్యాదు తిరగరాశాను. ఆమె పేరు తీసేశాను. రాత్రిపూట రెండో నర్సును వేయాలనీ, రోగి పేరు రోగి నోటనే చెప్పించాలనీ రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.