స్మృతి తప్పినవారి యెడ ధర్మము

చేసిన మేలును గుర్తుంచుకొనువానికి మేలు చేయుట సులభము. చేసిన కీడును మరునాడు చెప్పగలవానికి కీడు చేయుటకు జంకుదుము. ఈ రెండును లేనిచోట మన ధర్మబుద్ధి యెట్లు నిలుచును? స్మృతిభ్రంశము నొందిన వృద్ధుల శుశ్రూష ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రముల నర్సింగు హోములలో ఇట్టి వృద్ధులను కుర్చీలకు బంధించుటయు, మందులతో మత్తుగొలిపి యుంచుటయు ఒకప్పుడు సాధారణము. 1987 లో చేసిన శాసనము ఈ ఆచారమును అరికట్టబూని, పరిచారికలకు కనీసము 75 గంటల శిక్షణ విధించినది. 2005 లో అచ్చటి ఔషధ నియంత్రణ శాఖ, చిత్తవికారములకిచ్చు కొన్ని మందులు ఇట్టి వృద్ధులలో మరణములను హెచ్చించునని హెచ్చరించినది. 2010 నాటి శాసనము పరిచారికల శిక్షణలో స్మృతిభ్రంశ రోగుల సంరక్షణమును, వారిపై దౌర్జన్యము జరుగకుండ కాపాడుటను చేర్చినది.

ఆ శిక్షణసారము చిన్నది: రోగి ప్రవర్తన దుష్టత్వము కాదు, అదియొక భాష. స్నానమునకు తీసికొనిపోవునపుడు ముసలమ్మ కేకలు వేసి కొట్టవచ్చెననుకొందము. ఆమె దృష్టిలో జరుగుచున్నదేమి? ఎవరో అపరిచితురాలు వెనుకనుండి వచ్చి, బట్టలు లాగి, చల్లని గదిలో నీళ్లు గుమ్మరించుచున్నది. అట్లుగాక ఎదురుగ వచ్చి, పేరు చెప్పి, గది వెచ్చచేసి, తువాలు కప్పియుంచి, ఒక్కొక్క పనిని చిన్నమాటలతో చెప్పి చేసినచో ఆ కేకలు పెక్కుసారులు తగ్గును. తగ్గనిచో నొప్పియో, ఆకలియో, మూత్రబాధయో కలదేమో వెదకవలెను. బాలుడు నేర్వనిచో ఉపాధ్యాయుడే పద్ధతి మార్చుకొనవలెనని మా వృత్తిలో వినుచుందుము. ఇచ్చట ఆ సూత్రమునకు మినహాయింపే లేదు.

ఇక చిక్కుప్రశ్న. ఎనుబదియేండ్ల వృద్ధురాలు "మా అమ్మ యేది?" యని యడుగును. చనిపోయెనని చెప్పినచో ఆ వార్త ఆమెకు ప్రతిదినమును క్రొత్తదే. వచ్చుచున్నదని చెప్పినచో అది బొంకు. నేయోమీ ఫైల్ అను విదుషి దశాబ్దములపాటు బోధించిన మార్గము ఈ రెండును కాదు. "మీ అమ్మగారు గుర్తుకు వచ్చినారా? ఆమె మీకేమి వండిపెట్టెడివారు?" అని యడిగినచో, ప్రశ్న వెనుకనున్న దిగులునకు ఊరట కలుగును; అసత్యమును దొరలదు. ఇదియు ఫలింపని ఘడియలు కలవు. అప్పుడు పరిచారిక తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: నేనాడబోవుమాట ఆమె శాంతికొరకా, నా సౌకర్యముకొరకా?

శిక్షణ కరుణను కపటవిద్యగ మార్చునని కొందరందురు. కరుణ మాత్రమే చాలినచో కన్నబిడ్డలు తల్లిని గద్దింపరు. వారికి లేనిది ప్రేమ కాదు, తెలివిడి. అయినను ఒక్క పరిచారికకు పెక్కుమంది రోగులనప్పగించి, అల్పవేతనమిచ్చి, ఓర్పును బోధించుట న్యాయము కాదు. తొందరయున్నచోట బలాత్కారము తప్పదు.

విదేశములనున్న మన బిడ్డలు ఇచ్చటి తలిదండ్రులకు పరిచారకులను కుదుర్చుచున్నారు. మన దేశపు 2007 నాటి వృద్ధసంరక్షణ శాసనము తిండి, బట్ట, నివాసము, వైద్యములను పేర్కొనినది. ఇవి యన్నియు అమర్చియు, "చాదస్తము" అని గద్దించుట మానకున్నచో ఋణము తీరదు. గద్దించిన మాట రోగి మరచినను, దాని నొప్పి మనస్సున నిలుచును. కావున పరిచారకునితో జీతము మాటలాడుటకు ముందు ఏమి నేర్చితివని యడుగుదము. మనమును కొంత నేర్చుకొందము.