అడుగవలసిన మాట

రాజ్యములు మారునపుడు భూమిని కొలుతురు, ఖజానాను పంచుకొందురు, కచేరీలలోని బల్లలను కుర్చీలను సైతము లెక్క వేసికొందురు. మతి చలించి ఆసుపత్రి గదిలోనున్న వాని సంగతి ఏమి? వాడు ఎవరి పాలు? ఎచ్చటికి పోవలెనో వానిని అడుగవలెనా, అక్కరలేదా? ఇది వైద్యులకు మాత్రమే వదలివేయదగిన ప్రశ్న కాదు.

1947లో దేశవిభజన జరుగగా, అవిభక్త పంజాబునకు ఆధారమైన పిచ్చాసుపత్రి లాహోరులో, అనగా పాకిస్తానములో, నిలిచిపోయినది. 1950లో ఉభయ ప్రభుత్వములును రోగులను మార్చుకొనినవి. హిందువులు, సిక్కులు ఇటు, ముస్లిములు అటు. జాబితాకు మతమే ప్రమాణమైనది. సాదత్ హసన్ మంటో వ్రాసిన 'టోబా టేక్ సింగ్' అను ఉర్దూ కథకు ఈ మార్పిడియే ఆధారము.

మేము జీవితమంతయు గుమాస్తాగా రిజిస్టర్లు నింపినవారము. పేరు, తండ్రి పేరు, ఊరు, మతము, వీనికెల్ల గడులుండును. 'నీ ఇష్టమేమి?' అను గడిని మేమెన్నడును చూడలేదు.

తన మేలు తానెరుగని వానిని అడిగి ప్రయోజనమేమని కొందరందురు. రోగము ముదిరినపుడు ఆ మాట కొంత నిజమే. కాని జ్వరముతో పలవరించు బిడ్డ గంజి వద్దన్నను తల్లి అడుగుట మానదు. అతడింకను మన ఇంటివాడే అను మాట ఆ అడుగుటలో ఇమిడియున్నది.

లాహోరు రోగులు వచ్చి చేరిన అమృతసరు ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ ఈ ధర్మమును ఆచరించి చూపిరి. 1950ల దశకములో వారు ఆవరణలో గుడారములు వేయించి, రోగులతోపాటు బంధువులను గూడ ఉండనిచ్చిరి. ఇంటివారు కనిపెట్టుకొనియుండగా పలువురు కోలుకొని ఇండ్లకు మరలిరి.

చట్టము మాత్రము అంత త్వరగా మారలేదు. 1912 నాటి ఉన్మాదుల చట్టము స్వరాజ్యము వచ్చిన పిదపను నాలుగు దశాబ్దములకు పైగా నిలిచినది. 1987 నాటి చట్టము 1993లో అమలైనది. తనకెట్టి చికిత్స కావలెనో ముందుగా వ్రాసియుంచుకొను హక్కును, తనకు తెలిసిన భాషలో తన సంగతి తెలిసికొను హక్కును 2017 నాటి చట్టము ఇచ్చినది. అది 2018లో అమలునకు వచ్చినది.

ఈ భాష మాట మన రాబర్ట్‌సన్‌పేట తెలుగువారికి ముఖ్యము. 1956లో భాషలను బట్టి రాష్ట్రములు ఏర్పడినపుడు కోలారు జిల్లా మైసూరులోనే నిలిచినది. పెద్ద వైద్యమునకు మనవారు పోవునది బెంగుళూరికే. అచ్చట 1954లో వెలసిన అఖిల భారత మానసికారోగ్య సంస్థయే 1974లో నిమ్హాన్స్‌గా రూపొందినది. కన్నడము మనకు పరాయిది కాదు. అయినను భయము కలిగినపుడు నోట వచ్చునది తల్లిభాషయే. వెంట పోవువారు రోగి మాటను ఉన్నదున్నట్లు వైద్యునికి చేరవేయవలెను గాని, అతనికి బదులుగా తామే మాటలాడరాదు.

2001లో బంగారు గనులు మూతపడినపుడు మన ఊరి కుటుంబములెన్నో పని వెదకికొనుచు వెడలిపోయినవి. అట్టి వేళ ప్రభుత్వముల ప్రశ్నయే మన గడప తొక్కును: మతి చెడిన వానిని తీసికొనిపోవుదుమా, విడిచిపోవుదుమా? బండి ఎక్కించుటకు ముందు అతని చేయి పట్టుకొని, "ఎక్కడ ఉందువు నాయనా?" అని ఒక్కమారు అడుగుడని మా మనవి. ఉత్తరము రాకపోయినను అడుగవలెను.