నిర్మమత్వమూ నల్లమలా

పొదిలిలో వెలసిన శివుడు నిర్మమహేశ్వరస్వామి. ఆ పేరును పండితులు ఎలా విడదీసినా ‘నిర్మమ’ అనే మాట చెవిన పడకమానదు. ‘మమ’ అంటే నాది. నాది అనే పట్టు సడలిపోయిన మనఃస్థితి నిర్మమత్వం, భగవద్గీత దానిని భక్తుడి లక్షణాలలో ఒకటిగా చెప్పింది. పత్తి, మిరప, కంది పండే ఈ మెట్టసీమకు పడమటగా నల్లమల ఉంది. ఒక కొండను దున్నకుండా, తవ్వకుండా, కట్టకుండా విడిచిపెట్టడం ధర్మమా, ఉపేక్షా అన్న ప్రశ్న ఆ కొండల దగ్గర అనివార్యమవుతుంది.

సంప్రదాయం దీనికి సూటిగా బదులివ్వదు. పుత్రుడు, తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, నిక్షేపం, కృతి అనే సప్తసంతానాలలో, అంటే మనిషి తన తరువాత నిలిపిపోయే ఏడు పుణ్యకార్యాలలో, విడిచిపెట్టడం అనేది లేదు. అందులోని వనం సైతం నాటి పెంచిన తోటే గాని తనంత తాను మొలిచిన అడవి కాదు. 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించి కీర్తిమంతుడయ్యాడు, ఎక్కేవారి కాళ్లనొప్పి తగ్గించిన ఆ పుణ్యం చిన్నది కాదు. అయినా శ్రీశైల క్షేత్రం ఆలయ ప్రాకారంతో ముగియదు. తూర్పున త్రిపురాంతకాన్నీ, దక్షిణాన సిద్ధవటాన్నీ, పడమట అలంపురాన్నీ, ఉత్తరాన ఉమామహేశ్వరాన్నీ ద్వారాలని పెద్దలు చెప్పినప్పుడు, ఆ నాలుగింటి నడుమనున్న లోయలూ చెట్లూ మృగాలూ అన్నీ గుడి ఆవరణలోవే అయ్యాయి.

రాజ్యం ఇదే అడవిని వేరొక దారిలో చేరుకుంది. కృష్ణకు దక్షిణాన 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండలను రిజర్వు అడవులుగా మార్చే వీలు కల్పించింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ప్రకటితమై, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరి, 3,568 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. 2014 విభజన తరువాత ఉత్తర భాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. ఈ చట్టాలు లేకుంటే పులి మిగిలేది కాదు. కాని ‘నాది’ అనే మాటను ‘సర్కారుది’గా మార్చినంత మాత్రాన అది నిర్మమత్వం కాదు, యజమాని మారాడు, అంతే.

ఈ తేడా నల్లమల అడవిబిడ్డలైన చెంచుల బ్రతుకులో కనబడుతుంది. శ్రీశైల మల్లికార్జునుణ్ని చెంచుమల్లయ్య అని బంధువులా పిలుచుకునే వీరిని 1940లో పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, దుంపలు తవ్వుకొని తేనె తీసుకొని జీవించే ఆహారసేకర్తలుగా తన 1943 నాటి గ్రంథంలో వర్ణించాడు. అమెరికా 1964లో చేసిన అరణ్య చట్టం మనిషిని అడవికి వచ్చి వెళ్లే అతిథిగా మాత్రమే ఊహించింది. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడని నమ్మే నేల మీద ఆ ఊహ నిలవదు, ఎందుకంటే ఇక్కడ అడవిలో ఉన్నవాడు అతిథి కాదు, దేవుడికి మామ. 2006 అటవీ హక్కుల చట్టం ఆ బంధుత్వాన్ని ఆలస్యంగానైనా కొంతవరకు గుర్తించింది.

దాహం సంగతి ఇంతకన్నా కఠినమైనది. వాన ముఖం చాటేసిన ఏడాదిలో మెట్ట రైతు కొండవైపు చూడటాన్ని ఆశ అనగలరు గాని దురాశ అనలేరు. వెలిగొండ ప్రాజెక్టు కృష్ణ నీటిని శ్రీశైలం జలాశయం నుంచి రెండు సొరంగాల గుండా, ఒక్కొక్కటి సుమారు 19 కిలోమీటర్ల పొడవున, నల్లమల కడుపులోంచి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలకు తేవాలని తలపెట్టింది. 1996లో శంకుస్థాపన జరిగింది. కొండ కింద నీరు, కొండ మీద అడవి అన్న ఈ ఏర్పాటులో అవసరానికీ సొంతానికీ మధ్య గీత గీసే ప్రయత్నం కొంతైనా ఉంది.

దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే అడవి దారిలో రాత్రివేళ గేట్లు మూసివేస్తారు, తెల్లవారేదాకా ఆ దారి మృగాలది. మహాశివరాత్రి రోజుల్లో మాత్రం యాత్రికుల కోసం ఆ నియమాన్ని సడలిస్తారు.