గురియు వివేకమును

ఆయుధము చేతనున్న ప్రతివాడును ఆయుధవిద్య నెరిగినవాడు కాడు. ఏకాంతమున తీరికగా గురిచూచి కాల్చువానికి తన లోపము తనకు తెలియదు. పదుగురు చూచుచుండగా, గడియారము నడచుచుండగా, గుండె దడదడలాడునప్పుడే చేతి నిలుకడ బయటపడును. ఇట్టి పరీక్షను కల్పించుటయే పోటీల ప్రయోజనము.

1976లో అమెరికాలోని కొలంబియా నగరమున అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగు సమాఖ్య ఏర్పడినది. దాని పోటీలలో నిలిచినచోటనే కాల్చుట చాలదు. పరుగిడుచు, చాటునుండి చూచుచు, తూటాలు మార్చుకొనుచు కాల్పవలెను. కాల్పవలసిన లక్ష్యముల నడుమ కాల్పరానివియు నుండును. ఉత్తమమైన దెబ్బకు 5 మార్కులు వచ్చును. కాల్పరానిదానిని తాకినచో 10 మార్కులు పోవును. తుపాకి మొనను కూడని దిక్కునకు త్రిప్పినవాడు ఎంత నేర్పరియైనను పోటీనుండి తొలగింపబడును.

అట్ట తిరిగి కాల్పదు గదా, ఇది ఆటయే గాని విద్య కాదని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము కలదు. కాని తొందరలో మనుష్యుడు ఆలోచించి చేయునది స్వల్పము. అలవాటుచే చేయునదే విశేషము. ఆ యలవాటును పోటీ దిద్దును.

అది దిద్దలేనిది వేరొకటి కలదు. మైదానమున కాల్పరానిదానిని రంగో గుర్తో తెలుపును. లోకమున నెవ్వరును రంగు పూయరు. ద్రోణుని పరీక్షలో అర్జునునకు పక్షిశిరస్సు తప్ప నన్యము కనబడలేదు. కురుక్షేత్రమున నాతనికే తాతలు, గురువులు, సోదరులు అందరును కనబడిరి, గాండీవము చేజారెను. గురి తప్పనివానికిని ఈ రెండవ చూపు వలయును. దానిని పోటీ నేర్పజాలదు. ఇంటను, బడిలోను, బాల్యముననే మనము నేర్పవలెను.